చింతపండు పెట్టి తోమిన రైఫిల్

మా క్లబ్బులో రైఫిళ్ళు దాచుకునే పెద్దమనుషుల్లో సగం మందికి వాటిని ఏ వైపు నుంచి తుడవాలో తెలీదు. మిగతా సగం మందికి తుడవాలనే తెలీదు. ఈ రెండు జాతుల మధ్య నా ఉద్యోగం.

షార్జా దాటి, ఇళ్ళు అయిపోయి, ఒంటెల కంచెలు మొదలయ్యాక ఇసకలో ఒక గోడ కనిపిస్తుంది. ఆ గోడ వెనకాలే మా షూటింగ్ క్లబ్బు. అందులో ఏసీ వేసిన ఒక గది, గది నిండా ఇనప లాకర్లు, ఒక బల్ల, బల్ల ముందు నేను. అంతకు ముందు రువైస్ అనే చమురు పట్టణంలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేసేవాడిని. ప్రెషర్ గేజీలు విప్పడం, కడగడం, బిగించడం నా పని. 2020లో కరోనా వచ్చి మా కంపెనీవాళ్ళు మమ్మల్ని వరసలో నిలబెట్టి ఖలాస్ అన్నారు. అప్పటికే నా భార్యా కూతురూ అల్ నహ్దాలో ఫ్లాటులో ఉన్నారు. తెలిసినవాళ్ళు చెబితే ఇక్కడ చేరాను. చిన్న స్క్రూలు విప్పడం వచ్చు అని తప్ప నన్నింకేం అడగలేదు.

నా బల్ల మీదికొచ్చేవి ఎక్కువగా పాతకాలపు లీవర్ రైఫిళ్ళు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కడ్డీని కిందికి లాగి మళ్ళీ పైకి మూస్తే కాల్చిన తూటా గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్ళే రకం. ఒకప్పుడు వేటకోసం చేసినవి. ఇప్పుడు ఈ దేశంలో వేట లేదు, చట్టం ఒప్పుకోదు. వేట లేనిచోట వేట తుపాకి కొనుక్కుని ఏం చేస్తారయ్యా అంటే, ఫోటోలు దిగుతారు. గుండ్రటి అట్టముక్కలకు చిల్లులు పెడతారు, ఆ అట్టముక్కల పక్కన నిలబడి మళ్ళీ ఫోటోలు దిగుతారు. జింకను చంపినవాడికైనా అంత రొమ్ము విరుచుకోవడం ఉంటుందో లేదో!

వీళ్ళకు సినిమా పిచ్చి. సినిమాలో గుర్రం మీద కూర్చున్నవాడు రైఫిల్‌ని ఒంటి చేత్తో గిర్రున తిప్పి లీవర్ ఆడిస్తాడట. మా సభ్యుల్లో ఒకాయన అది చూసొచ్చి ఇక్కడ తిప్పాడు. రైఫిల్ ఒక చుట్టు తిరిగి ఆయన మోకాలి చిప్పకే తగిలింది. కుంటుకుంటూ నా గదికొచ్చి, "ఇందులో ఏదో లోపం ఉంది, చూడు" అన్నాడు. చూశాను. లీవర్ స్క్రూ వదులైపోయి ఉంది. ఏ తరంలోనో ఎవడో శ్రద్ధగా బిగించిన స్క్రూ అది. బిగించి ఇచ్చాను. లోపం ఎక్కడుందో చెప్పే అధికారం నాకు లేదు కాబట్టి సలాం కూడా కొట్టాను.

ఇంకొకాయనకు నూనె మీద నమ్మకం. ఎంత పోస్తే అంత మంచిదని ఆయన సిద్ధాంతం. రైఫిల్‌ను బజ్జీలా ముంచి తీసి, నూనె ఓడుతుండగానే ఇసకలోకి పట్టుకెళ్ళేవాడు. ఇక్కడి గాలిలో సగం ఇసకే. నూనెలో కలిసిన ఆ ఇసక లోపలి భాగాలను రుబ్బురోల్లో పప్పు రుబ్బినట్టు రుబ్బుతుంది. ఈ ఎడారిలో తుపాకికి కావలసింది గుడ్డ తడిసీ తడవనంత నూనె. అది పూసి మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేయాలి. ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి నా భుజం తట్టి, "నువ్వు మంచివాడివి, కానీ పిసినారివి" అన్నాడు.

గొట్టం తుడవడం ఇంకో భాగోతం. ఈ రకం రైఫిళ్ళలో చాలావాటికి వెనకనుంచి పుల్ల దూర్చే దారి ఉండదు, మూతి వైపు నుంచే తుడవాలి. పుల్ల మూతి అంచుకు రాసుకుంటే అంచు అరిగిపోతుంది, అంచు అరిగితే ఇక గురి ఉండదు. అందుకే మూతికి చిన్న ఇత్తడి కప్పు తొడిగి అందులోంచి పుల్ల దూర్చాలి. ఆ కప్పులను కొందరు సిగరెట్ పీకలు ఆర్పుకోవడానికి వాడేవారు. ఇలాంటివాళ్ళ పేరునేమో లైసెన్సు ఉంటుంది. నా పేరున తుపాకి మాట దేవుడెరుగు, మా అమ్మాయికి నీళ్ళ తుపాకి కొన్నా మా బిల్డింగ్ వాచ్‌మన్ ఎగాదిగా చూశాడు.

సభ్యులనే ఇన్ని మాటలంటున్నానంటే మా ముదీర్‌ను ఏమనాలో ఊహించుకోండి.

ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్ మనవాడే, కోస్తా జిల్లాల వాడు. ఇదివరకు కార్ల షోరూములో పనిచేశాడు. తుపాకి గురించి ఆయనకు తెలిసిందల్లా అది మెరవాలని. కారు మెరిస్తే అమ్ముడవుతుంది కదా, తుపాకి కూడా అంతే అనుకున్నాడు. అల్ నహ్దాలో మా రెండు బిల్డింగుల అవతలే ఆయన ఇల్లు కావడం నా ఖర్మ. రోజూ ఆయన కార్లోనే రావాలి, రోజూ ఆయన మాటలు వినాలి. దారి పొడుగునా నాకు అరబ్బీ నేర్పేవాడు. చిన్నప్పుడు మసీదులో అరబ్బీ అక్షరాలు దిద్దినవాడిని నేను. ఇంట్లో తెలుగే మాట్లాడే తురకలం మేము, అయినా అలిఫ్ బే రాకుండా పెరగలేదు. అదేమీ ఆయనకు అక్కర్లేదు.

"అరబిక్‌లో ఏం లేదు భాయ్. సగం మన మాటలే. అత్తరు మనదే, ఖాళీ మనదే, కుర్చీ మనదే. చెవి ఉంటే చాలండీ, వచ్చేస్తది," అనేవాడు స్టీరింగ్ మీద దరువేస్తూ.

"మీ మాదిరి చెవి అందరికీ ఉండొద్దా సార్," అనేవాడిని నేను. అది పొగడ్త అనుకునేవాడు.

ఆ క్లబ్బులో నేను మొదట అందరికంటే తేలిగ్గా చూసింది ఒక ముసలాయనను. ఎనభై దగ్గర పడిన ఇక్కడి అరబ్బు. అందరూ బాబా అనేవారు, నేనూ అలాగే అనేవాడిని. ప్రతి వారం ఒకసారి డ్రైవరు ఆయనను తెచ్చి నా గది ముందు దించేవాడు. లోపలికొచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చుని తన రైఫిల్ ఇమ్మనేవాడు. ఇస్తే ఒళ్ళో పెట్టుకునేవాడు. ఒక్కసారి నెమ్మదిగా లీవర్ తెరిచి మూసేవాడు. తర్వాత దాన్ని మధ్యలో ఒంటి చేత్తో పట్టుకుని అలా కూర్చునేవాడు. కాల్చడు, ఫోటో దిగడు. చాయ్ తాగి, తుపాకి నాకిచ్చి వెళ్ళిపోయేవాడు. పనీపాటా లేని ముసలాళ్ళకు నా బల్లే దొరికిందా అని విసుక్కునేవాడిని.

పైగా ఆ రైఫిల్ చూపులకు దరిద్రంగా ఉండేది. అన్నిటికంటే పాతది. ఇలాంటి తుపాకుల ఇనుముకు నీలం కలిసిన నల్లటి పొర ఒకటి ఎక్కిస్తారు, అందం కోసమూ తుప్పు పట్టకుండానూ. దాన్నే బ్లూయింగ్ అంటాం. బాబా రైఫిల్‌కు ఆ పొర చాలావరకు బాగానే ఉంది, కానీ సరిగ్గా మధ్యలో, లీవర్‌కు కాస్త ముందు, అడుగు భాగంలో పూర్తిగా పోయింది. అక్కడ ఇనుము తెల్లగా, నున్నగా, అరచేయంత మేర బయటపడి ఉంది. ఒక పక్క బొటనవేలంత, ఇంకో పక్క నాలుగు వేళ్ళంత తెలుపు. ఒకరోజు నేనే నోరు తెరిచి, "బాబా, దీనికి మళ్ళీ నల్లపొర ఎక్కిస్తాను, కొత్తదానిలా ఉంటుంది" అన్నాను.

ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. తెలుగులో చెప్పాలంటే ఇలా అన్నాడు: "ఎక్కించు. ముందు నా చెయ్యి నరికి, ఆ తర్వాత ఎక్కించు."

తర్వాత నవ్వి, రైఫిల్‌ను ఆ తెల్లచోట పట్టుకుని చూపించాడు. లీవర్ రైఫిల్ బరువు సరిగ్గా అక్కడ తూగుతుంది. కొండల్లో రోజంతా నడిచేవాడు దాన్ని అక్కడే, ఒంటి చేత్తో, కిందికి వేలాడేసి పట్టుకుంటాడు. ఆయన తండ్రి అలాగే పట్టుకుని నడిచాడట. చమురు వెతకడానికి వచ్చిన ఒక తెల్లవాడికి కొండల్లో దారి చూపిస్తే, వెళ్ళిపోతూ వాడిచ్చిన తుపాకి అది. అప్పట్లో వేట మీద నిషేధం లేదు. కొండమేకను కొట్టుకొస్తే ఇంటిల్లిపాదీ తినేవారట. చెమట పట్టిన ఒకే చెయ్యి, ఒకే చోట, ఏళ్ళ తరబడి పట్టుకుంటే ఆ నల్లపొర అరిగి ఇనుము తేలింది.

"ఇది మరక కాదు. అథర్," అన్నాడు బాబా. "ఇసకలో మనిషి నడిచి వెళ్తే మిగిలేది ఏమిటి? అథర్. మా నాన్న ఆ అడుగు చూసి ఇది ఫలానా వాడిది, ఇంత బరువు మోస్తున్నాడు అని చెప్పేవాడు. ఆయనది మాత్రం ఇదొక్కటే మిగిలింది."

అథర్ అంటే జాడ, ఆనవాలు. ఇక్కడ పాత తరం సమాధుల మీద పేర్లు రాయరు, తలవైపు ఒక రాయి పాతి వదిలేస్తారు. తండ్రి పోయినప్పుడు బాబా చిన్నపిల్లాడు, ఊళ్ళో లేడు. తిరిగొచ్చేసరికి ఖననం అయిపోయింది. ఆ తర్వాత వాగు పొంగి రాళ్ళన్నీ కలిసిపోయాయి. "ఏ రాయి కింద ఉన్నాడో నాకు ఎవరూ చూపించలేదు. అందుకని ఇక్కడికొస్తాను," అన్నాడు, రైఫిల్ వైపు చూస్తూ.

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దాచుకోవడం ఎందుకు, వచ్చింది. కడపలో మా నాన్నను ఎక్కడ పడుకోబెట్టారో నాకు తెలుసు, సెలవులో వెళ్ళినప్పుడల్లా వెళ్ళి నిలబడతాను. ఈయన వారం వారం నా బల్ల దగ్గరికి రావడం అలాంటిదేనని నా మట్టిబుర్రకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ రోజు నుంచి ఆ తెల్లచోటు నా బాధ్యత అయింది. అది చిన్న పని కాదు. పొర పోయినచోటే తుప్పు ముందు పడుతుంది. ముఖ్యంగా ఆగస్టులో. ఏసీ గదిలోంచి చల్లటి రైఫిల్‌ను బయటికి తీస్తే, కళ్ళద్దాలకు పట్టినట్టు ఇనుముకంతా ఆవిరి పడుతుంది. తుడవకుండా అలాగే లాకర్లో పెట్టారా, మర్నాటికి నారింజ రంగు చుక్కలు. ఒకసారి ఆ తెల్లచోటనే రెండు చుక్కలు కనబడ్డాయి. ఇసుక కాగితం పెడితే చుక్కలతో పాటు ఆ చెయ్యి గుర్తూ పోతుంది. నూనె తడిపిన మెత్తటి గుడ్డతో, వేలి కొసతో, రోజుకు కాస్తంత చొప్పున రుద్ది ఆ చుక్కలు పోగొట్టాను. బాబాకు చెప్పలేదు. ఆయన మాత్రం వచ్చి, చూసి, "కనిపెట్టుకుని ఉన్నావు" అన్నాడు. ఆ క్లబ్బులో నేను విన్న మంచి మాట అదొక్కటే.

2021లో నేషనల్ డే వచ్చింది. ఈ దేశమంతా జెండాలు కట్టుకుని సంబరపడే రోజు. మా ముదీర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చిందంటే మాకు పని పడిందన్నమాట. క్లబ్బు గుమ్మం దగ్గర ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ పరిచి పాత రైఫిళ్ళన్నీ పేర్చాలని, బాబాది అన్నిటికంటే పాతది కాబట్టి నట్టనడుమ ఉండాలని తీర్మానించాడు. నాకేమో అప్పుడే జ్వరం తగిలింది. ఆ రోజుల్లో జ్వరం అంటే చాలు, మనిషిని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో పడున్నాను. వచ్చిన ఫలితంలో ఏమీ లేదు. సరిగ్గా పండగ రోజు పొద్దున, ముదీర్ అప్పటికే వెళ్ళిపోయాడంటే టాక్సీ పట్టుకుని క్లబ్బుకు చేరాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు వాసన తగిలింది. ఊద్ అత్తరు, ఘాటైనది. మాలో మనిషి పోతే ముందు స్నానం చేయిస్తారు, తెల్లగుడ్డ చుడతారు, అత్తరు పూస్తారు, ఆ తర్వాత తీసుకుపోయి పూడుస్తారు. మా నాన్నకు నేనే పూశాను. ఆ వాసన వస్తే ఇప్పటికీ నా కాళ్ళు ఒక క్షణం ఆగుతాయి. ఆ రోజూ ఆగాయి. తర్వాత బల్ల మీదికి చూశాను.

నట్టనడుమ బాబా రైఫిల్ ఉంది. నేను దాన్ని గుర్తుపట్టింది చెక్క పిడి ఆకారాన్ని బట్టి. ఇనుమంతా తెల్లగా ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరికి, ఎక్కడా నలుపు లేదు. రెస్టారెంటులో కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులా ఉంది. చేతిలోకి తీసుకుని అడుగు భాగం తిప్పి చూశాను. తెలుపులో తెలుపు కలిసిపోయింది. చెయ్యి ఎక్కడ మొదలయ్యేదో ఎక్కడ ఆగేదో నాకే తెలియలేదు. ఆ చెయ్యిని ఎవరూ చెరపలేదు, చుట్టూ ఉన్న నలుపును చెరిపారు, దాంతో చెయ్యి మాయమైంది.

ముదీర్ కొత్త సూటు వేసుకుని, మెళ్ళో జెండా రంగుల కండువాతో నా వెనకే వచ్చాడు.

"ఎలా ఉందండీ? తళతళలాడిపోవట్లా?" అన్నాడు.

"ఏం చేసినారు సార్ దీన్ని?"

"చింతపండు, భాయ్! మా ఆవిడని అడిగి పట్టుకొచ్చాను. మా అమ్మమ్మ దసరాకి ఇత్తడి సామానంతా చింతపండుతోనే తోమేది. రాత్రంతా నానబెట్టి, గుజ్జు పట్టించి, స్టీలు పీచుతో రుద్దానండీ. ఎంత నలుపు వచ్చిందనుకున్నారు! బకెట్టు నీళ్ళు మసి అయిపోయాయి. మీరేమో ఇన్నాళ్ళూ ఉత్త గుడ్డ పెట్టి తుడుస్తున్నారు."

ఆ మసి బ్లూయింగ్. పులుపు తగిలితే ఊడి వచ్చేస్తుంది. ఇత్తడి చెంబుకూ వేట రైఫిల్‌కూ తేడా తెలియని మనిషి, అమ్మమ్మ వంటింటి శాస్త్రాన్ని తెచ్చి ఎడారిలో ప్రయోగించాడు. ప్రపంచంలో ఇంకే జాతివాడికీ ఈ ఆలోచన రాదు. మనకే వస్తుంది, మన ఇళ్ళల్లోనే చింతపండుంటుంది.

"దాన్ని మిమ్మల్ని ముట్టమన్నది ఎవరు?" అన్నాను. గొంతు లేచింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఇటు తిరిగి చూశాడు.

"అదేంటండీ, బాబాయే చెప్పారు! నిన్న ఫోన్ చేశాను, మీ రైఫిల్ మధ్యలో పెడుతున్నామని. సంతోషించి, దీర్ బాలక్ అలల్ అత్తర్ అన్నారు. రెండుసార్లు అన్నారు. దీర్ బాలక్ అంటే జాగ్రత్త అని నాకు తెలీదా? అత్తరు విషయంలో జాగ్రత్త, అంటే మంచిది వాడమని. మురికి వస్తువుకి అత్తరు ఎలా రాస్తామండీ, అందుకని ముందు తోమాను. అత్తరు కూడా నా సొంతదే, పెళ్ళిళ్ళకి దాచుకున్నది."

నేను ఆ బల్ల అంచు పట్టుకున్నాను. బాబా చెప్పింది అథర్. ఆ జాడ జాగ్రత్త అని ముసలాయన ఫోనులో రెండుసార్లు మొత్తుకుంటే, ఈయన చెవికి అది అత్తరైంది. ఏ మాట విన్నా మన మాటే అనుకునే చెవి.

"అథర్ సార్! అథర్ అంటే ఆనవాలు! ఆయప్ప నాయన చెయ్యి ఉండాది దాని మీద. ఉండాది కాదు, ఉన్నింది. మీరు తోమేసినారు," అన్నాను.

విషయమంతా చెప్పాను. విన్నాడు. విన్నంతసేపూ ఆయన చూపు గుమ్మం వైపే ఉంది, అతిథులు వస్తున్నారేమోనని. చివరికి నా భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు.

"మచ్చే కదండీ? ఇంకా టైముంది. మీ దగ్గర నల్లరంగు సీసా ఉంటది కదా, పూసేయండి. పూసి, అక్కడ మాత్రం నాలుగు రుద్దులు రుద్దండి. చెయ్యి ఆకారం వచ్చేస్తది. ఆయనకేం తెలుస్తది, ఆ వయసులో?"

"ఎవరి చెయ్యి సార్?" అన్నాను.

"ఎవరిదైతే ఏంటండీ? మీదే పెట్టండి."

ఒళ్ళు మండిపోయింది. మనుషుల మీద నాకున్న చులకనంతా ఇన్నాళ్ళూ ఆ సభ్యుల మీదా, నూనె మీదా, సిగరెట్ పీకల మీదా వృథా చేశానే అనిపించింది. సీసా నా సొరుగులోనే ఉంది, చెయ్యి తిరిగినవాడిని, పూయగలను. నా అరచేయి గుర్తుతో ఆయన తండ్రిని తయారు చేసి ఒళ్ళో పెట్టగలను. ఆయన దాన్ని పట్టుకుని కళ్ళు మూసుకుంటే నేనెదురుగా కూర్చుని చాయ్ తాగాలి. సొరుగు తెరవలేదు. చింతపండు పులుపు ఇనుమును ఇంకా తినేయకుండా గుడ్డకు నూనె రాసి మాత్రం తుడిచాను. చెక్క పిడి మీద అత్తరు పడినచోట పాత వార్నిష్ మెత్తబడి గుడ్డకు అంటుకుని వచ్చింది.

బాబా వచ్చాడు. పండగ కదా, ఇస్త్రీ చేసిన, మడమల దాకా దిగే తెల్లటి కందూరా, దాని మీద నల్లటి పైవస్త్రం, చేతిలో కర్ర. కొడుకు ఒక పక్క పట్టుకున్నాడు. ముదీర్ ఎదురెళ్ళి వంగి వంగి సలాములు చేసి బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. కొడుకు రైఫిల్ చూసి, "మాషా అల్లాహ్! కొత్తదానిలా ఉంది," అన్నాడు. ముదీర్ నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు.

బాబా కర్రను కొడుక్కిచ్చి రైఫిల్ అందుకున్నాడు. చెయ్యి అలవాటుగా మధ్యకే వెళ్ళింది. పట్టుకున్నాడు. తర్వాత తిప్పి అడుగు భాగం చూశాడు. బొటనవేలితో ఒకసారి రాశాడు, మళ్ళీ రాశాడు, ఏదో దుమ్ము కప్పేసింది, తుడిస్తే బయటపడుతుందన్నట్టు. వెతికాడు. ఆ తర్వాత ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. నేనైతే అరుస్తాడనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా.

రైఫిల్‌ను మెల్లగా ముఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టాడు. పడుకోబెట్టాడనే అనాలి, పెట్టాడని కాదు. నా వైపు చూసి, ఎవరి మీదా కోపం లేని గొంతుతో అన్నాడు:

"కడిగారు. అత్తరు పూశారు. ఈసారన్నా ఎక్కడ పూడుస్తారో నాకు చూపించండి."

"శుక్రన్ బాబా, శుక్రన్!" అని థాంక్సులు చెప్పాడు ముదీర్, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని.

ఆ పండగలో, ఆ పాటల హోరులో, ఏం చేయాలో తోచక రైఫిల్‌ను రెండు చేతుల మీద ఎత్తుకుని నా గదిలోకి నడిచాను. వెనక ఆయన కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. లాకరు తెరిచి లోపల పెట్టి తలుపు మూశాను. "ఇక్కడే బాబా," అన్నాను. ఆయన లాకరు తలుపు మీద అరచేయి ఆనించాడు.

ఇప్పటికీ వారం వారం వస్తాడు. నడక బాగా తగ్గింది, డ్రైవరు చెయ్యి పట్టుకుని తెస్తాడు. రైఫిల్ ఇమ్మని మళ్ళీ అడగలేదు. నేను తుప్పు పట్టకుండా చూసుకుంటాను, తలుపు తీసినప్పుడల్లా ఇన్నేళ్ళ తర్వాత కూడా ఊద్ వాసన వస్తుంది. ఆయన కుర్చీలో కూడా కూర్చోడు. లాకరు ముందు నిలబడి సలాం చెబుతాడు, రెండు అరచేతులూ పైకి చాపి పెదవులు కదుపుతాడు, ముఖం తుడుచుకుని వెళ్ళిపోతాడు. నేనూ లేచి నిలబడతాను.

మొన్న ఆయన అలా నిలబడి ఉండగా ముదీర్ గుమ్మంలోంచి చూశాడు. ఆయన వెళ్ళాక లోపలికొచ్చి, కళ్ళు చెమ్మగిల్లుతుంటే జేబురుమాలు తీశాడు.

"చూశారా భాయ్," అన్నాడు. "మన క్లబ్బంటే ఆయనకి ఎంత ప్రేమో."